కాకి ముట్టిన పిండం, తలుపు మీద రాత

(కార్తీక మాసంలో బెంగళూరు బసవనగుడిలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇవాళ కార్తీక సోమవారం. మీలో ఉపవాసం ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. ఇంటికెళ్లి దీపం పెట్టుకుని, నక్షత్రాలు చూసుకుని భోంచేయాలి. అందుకని ఎక్కువ ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెడతాను.

నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం ‘మత విశ్వాసం, విజ్ఞానం’. అంత పెద్దదాన్ని ఒక్క సాయంత్రంలో ఎత్తుకోలేం. మన ఇళ్లలో జరిగే చిన్న చిన్న వింతల వరకు మాట్లాడతాను. ఎవరినో తలుచుకుంటాం, అదే నిమిషంలో వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. ప్రయాణానికి గడప దాటబోతుంటే బల్లి పలుకుతుంది. పోయిన అమ్మ కలలోకి వచ్చి ‘ఆకలేస్తోందిరా’ అంటుంది, పంచాంగం చూస్తే తద్దినం దగ్గరపడి ఉంటుంది. ఉంగరం పోయిందని వెంకటేశ్వరస్వామికి ముడుపు కడతాం, సాయంత్రానికి బీరువా కింద దొరుకుతుంది. ఇలాంటి కథ ఒక్కటైనా లేని ఇల్లు మనవాళ్లలో ఉంటుందని నేను అనుకోను.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. రోజూ పూజ చేసుకుంటాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదురుతాయని పిల్లలు అడిగేవాళ్లు. నా మటుకు నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే నా దేవుణ్ణి నేను ఈ వింతల మీద నిలబెట్టుకోలేదు. ఇంకా తెలియని సంగతుల్లోనే దేవుడున్నాడని అనుకుంటే, తెలిసే కొద్దీ ఆయనకి చోటు తగ్గిపోతూ ఉంటుంది. అలాంటి భక్తిలో భక్తుడికి ఎప్పుడూ టెన్షనే.

అలాగని ఈ వింతల్ని కొట్టిపారేయమని చెప్పడానికి రాలేదు. వాటి విషయంలో రెండు ప్రశ్నలు వేసుకోవాలంటాను. ఇది ఎలా జరిగింది అన్నది మొదటిది. ఇది జరిగాక మన చేత ఏం చేయించింది అన్నది రెండోది. మొదటి ప్రశ్నకి జవాబు దొరికితే రెండోది తీరిపోయిందని కొందరు అనుకుంటారు. రెండోదానికి మంచి జవాబు ఉంటే మొదటిది అడగడమే తప్పని మరికొందరు అనుకుంటారు. దేని జవాబు దానిదే. మా ఇంట్లో జరిగినదే చెబుతాను.

మా నాన్నగారు పోయినప్పుడు కర్మలు శ్రీరంగపట్నంలో పశ్చిమవాహిని దగ్గర చేశాం. బెంగళూరులో స్థిరపడ్డవాళ్లకి ఆ చోటు తెలిసే ఉంటుంది. కావేరి అక్కడ పడమటికి తిరిగి పారుతుంది, ఆ పేరు అందుకే వచ్చింది. పదో రోజు పిండాలు పెట్టి అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. చెట్టు మీద కాకులున్నాయి. అరుస్తున్నాయి, చూస్తున్నాయి, దిగి రావడం లేదు. ఎండెక్కుతోంది. పురోహితుడు గారికి ఇంకో చోట పని ఉంది. మా పిన్ని నెమ్మదిగా అంది, ‘మీ నాన్నకి ఏదో మనసులో ఉండిపోయిందిరా, అడగండి.’

ఆ ‘ఏదో’ ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఊళ్లో మా ఇంట్లో మేనత్త ఒక్కతే ఉండేది. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఆ ఇల్లు అమ్మేసి పంచుకుందామని మా అన్నదమ్ముల మధ్య మాట నడుస్తోంది. నాన్నగారు ఉండగా ఆయన ముందు ఎవరం ఎత్తలేదు కానీ ఆయనకి తెలియకుండా ఏమీ లేదు. మా తమ్ముడు ముందుకు వెళ్లి నేల మీద సాష్టాంగపడ్డాడు. ‘నాన్నా, అత్తయ్య ఉన్నంతకాలం ఆ ఇల్లు అమ్మం. నాదీ పూచీ’ అన్నాడు. అందరం ‘అమ్మం’ అన్నాం. కాసేపటికి ఒక కాకి దిగింది, పిండం ముట్టింది. వెనకాలే మిగతావి వచ్చాయి. ఆడవాళ్లు ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు మొదటి ప్రశ్న. కాకి ముందు ఎందుకు రాలేదు, తర్వాత ఎందుకు వచ్చింది? కాకి చాలా జాగ్రత్త గల పక్షి. కొత్త వస్తువు కనపడితే వెంటనే ముట్టదు. మనుషులు గుంపుగా నిలబడి తన వైపే చూస్తుంటే అసలు దిగదు. మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకునే శక్తి దానికి ఉంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త బృందం 2006లో ఒక ముసుగు తగిలించుకుని కొన్ని కాకుల్ని పట్టి, గుర్తు వేసి వదిలేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ముసుగు కనపడితే చాలు, కాకులు గోల చేసేవి. అప్పుడు పట్టుబడని కాకులు కూడా అరిచేవి. ఒకదాన్ని చూసి ఇంకొకటి నేర్చుకుంది. అంత తెలివి ఉన్న పక్షి, తెల్లపంచెల మనుషులు ఇరవైమంది గుడ్లప్పగించి చూస్తుంటే ఎందుకు దిగుతుంది? తమ్ముడు నేల మీద పడ్డాడు. మేమంతా తలలు వంచాం, కళ్లు తుడుచుకున్నాం. దాని వైపు చూడటం మానేశాం. అది దిగింది. ఫిజిక్స్ మాస్టారుగా నాకు తోచిన కారణం ఇది, సరైనదనే అనుకుంటున్నాను.

రెండో ప్రశ్నకి ఈ కారణం ఏమీ చెప్పదు. వకీలు ఎదుట, పెద్దమనుషుల ఎదుట రాని మాట ఆ నది ఒడ్డున వచ్చింది. పదిమంది విన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ తిప్పలేకపోయారు. మా మేనత్త ఆ ఇంట్లోనే, తన మంచం మీదే, తులసికోట కనపడే గదిలో కన్నుమూసింది. కాకి ప్రవర్తనకి కారణం తెలిసినంత మాత్రాన ఆ రోజు జరిగింది నాకు చిన్నదైపోలేదు. మన పెద్దలు ఈ తంతుని ఏ ఉద్దేశంతో పెట్టారో నేను చెప్పలేను. బతికున్నవాళ్లు పోయినవాళ్ల ముందు నిలబడి, మిగిలిపోయిన బాధ్యతని గట్టిగా పలికే చోటు అది. అలాంటి చోటు మనకి ఇంకోటి ఎక్కడుంది?

ఈ బసవనగుడి సంగతే చూడండి. వచ్చే సోమవారం బయట వీధంతా వేరుశెనక్కాయల రాశులు, కడలెకాయి పరిషె, అంటే వేరుశెనక్కాయల జాతర. కథ మీకు తెలుసు. ఒక ఎద్దు రోజూ వచ్చి పంట మేసిపోయేది. రైతు కోపం పట్టలేక కర్రతో కొట్టాడు. ఎద్దు అక్కడికక్కడే రాయి అయిపోయింది. చేసిన పనికి రైతులు కుమిలిపోయి గుడి కట్టి, ఏటా తొలి పంట తెచ్చి పెడతామన్నారు. ఆ రాయి పెరుగుతూ పోతుంటే తల మీద త్రిశూలం నాటారని కూడా చెబుతారు. బెంగళూరు కట్టించిన కెంపేగౌడ కాలం, అంటే 16వ శతాబ్దం నాటి గుడి అంటారు. ఇక వేరుశెనగ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసువాళ్లు మహాసముద్రాలు దాటడం మొదలుపెట్టాకే మన వైపు రావడానికి వీలైంది. కాబట్టి కథలో పంట ఎప్పుడు చేరిందో చరిత్ర చదివేవాళ్లు అడగాల్సిందే, అడగనివ్వండి. నన్ను కదిలించేది వేరే. ఆకలేసి మేసిన మూగజీవాన్ని కొట్టామన్న బాధని ఒక ఊరు వందల ఏళ్లుగా ఏటా తలుచుకుంటోంది. తొలి పంట తెచ్చి దాని ముందే పోస్తోంది. కన్నడ, తెలుగు, తమిళం మాట్లాడే రైతులందరూ ఆ బస్తాల పక్కనే పడుకుంటారు.

ఇక్కడి గుళ్లలో ఇంకో ఆచారం ఉంది. మనవాళ్లు కూడా బాగా అలవాటుపడ్డారు. పువ్వు అడగడం. దేవుడి విగ్రహానికి పూలు తడిపి అతికిస్తారు. మనసులో ప్రశ్న పెట్టుకుని కూర్చుంటాం. కుడి వైపు పువ్వు జారితే సరే అన్నట్టు, ఎడమ వైపు పడితే వద్దన్నట్టు. తడి ఆరితే రేకు పట్టు వదులుతుందని, దీపాల వేడి, గంట అదురు కూడా దానికి తోడవుతాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పువ్వు కోసం కళ్లార్పకుండా కూర్చున్న తల్లుల్ని నేను చాలామందిని చూశాను. కూతురికి సంబంధం ఖాయం చేసుకోవాలా వద్దా అన్న భారం నెలల తరబడి మోసినవాళ్లు. ఆ అరగంట ఎవరితోనూ మాట్లాడకుండా ఆ ఒక్క విషయాన్నే ఆలోచిస్తారు. పువ్వు ఎడమ వైపు పడితే ముఖం వాడిపోయిందంటే, తనకి ఏం కావాలో ఆ తల్లికి అప్పుడే తెలుస్తుంది.

కానీ ఒక్కటి గట్టిగా చెబుతాను. మీ ప్రశ్నకి మీరు పువ్వు అడగండి. కోడలు ఉద్యోగం మానాలా, మనవరాలు పై చదువుకి వెళ్లాలా అని మీరు పువ్వు అడగకండి. ఆ జీవితం వాళ్లది. వాళ్లు ఒప్పుకోని నిర్ణయాన్ని దేవుడి భుజం మీద పెట్టి వాళ్ల మీద రుద్దడం దేవుడికి కూడా అన్యాయం.

ఫోన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. బెంగళూరు జనాభా కోటి దాటింది. రోజుకి పది లక్షల్లో ఒకరికి మాత్రమే జరిగే వింత ఏదైనా తీసుకోండి. ఈ ఒక్క ఊళ్లోనే అది రోజుకి పదిమందికి జరగాలి. ఆ పదిమందీ జీవితాంతం చెప్పుకుంటారు, తలుచుకున్నా ఫోన్ రాని మిగతావాళ్లు ఎవరికీ చెప్పరు. లెక్క ఇంతే. అయినా తలుచుకున్న మనిషి ఫోన్ చేసినప్పుడు ‘నూరేళ్లు నీకు’ అనడం మానకండి, అది ఆశీర్వాదం.

అర్ధరాత్రి మెలకువ వచ్చి, కాళ్లూ చేతులూ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం కూడా చాలామందికి ఉంటుంది. నిద్రలో కలలు వచ్చే దశలో మన కండరాలు పట్టు విడిచేసి ఉంటాయి. లేకపోతే కలలో పరుగెత్తినప్పుడల్లా మంచం మీంచి దూకేస్తాం. ఒక్కోసారి మనసు ముందు లేచి, ఒళ్లు కాస్త ఆలస్యంగా లేస్తుంది. ఆ కొద్ది సేపే ఆ భయం. నిద్ర చాలనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. దీన్ని దెయ్యం అనుకుని నలిగిపోయే ఆడపిల్లలు హాస్టళ్లలో ఉన్నారు. వాళ్లకి ఈ సంగతి తెలియడం ఎంతో అవసరం. ఇక్కడ మాత్రం కారణం చెప్పడమే సేవ. హనుమాన్ చాలీసా చదువుకుంటే ధైర్యం వస్తుందంటే చదువుకోనివ్వండి, కారణం కూడా చెప్పండి.

భయం మాట వచ్చింది కాబట్టి, 1990లలో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వీధి వీధినా తలుపుల మీద ‘నాళె బా’ అని రాసి ఉండేది. మన తెలుగు ఊళ్లలో అదే కథ ‘ఓ స్త్రీ రేపు రా’ అయింది. రాత్రి ఒక ఆడ దెయ్యం తలుపు తడుతుంది, మనకి తెలిసిన గొంతుతోనే పిలుస్తుంది, తీస్తే ప్రాణం పోతుంది. రాత చూస్తే రేపు వద్దామని వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చినా అదే రాత. చాలామంది దీన్ని ఇప్పుడు సరదాగా చెప్పుకుంటారు. నాకు సరదాగా ఉండదు. రెండో ప్రశ్న వేయండి. ఈ నమ్మకం మన చేత ఏం చేయించింది? అర్ధరాత్రి ఒంటరి ఆడమనిషి ఎవరైనా మన తలుపు తట్టి ‘అమ్మా, తీయండి’ అంటే తీయకుండా చేసింది. ఆవిడ నొప్పులు పడుతున్న గర్భిణి కావచ్చు. భర్త కొడితే పారిపోయి వచ్చిన పిల్ల కావచ్చు. ఆ రోజుల్లో ఏ తలుపు ముందు ఎవరు నిలబడి వెనక్కి వెళ్లిపోయారో మనకి తెలిసే దారి లేదు. పిండం కాకి మాట చెప్పేటప్పుడు నా గొంతు మెత్తబడుతుంది. ఈ తలుపు మీద రాత గురించి చెప్పేటప్పుడు మెత్తబడదు. రెండిట్లోనూ మొదటి ప్రశ్నకి జవాబు ఒకటే, మానవాతీతం ఏమీ లేదు. అయినా రెండూ ఒకటి కావు.

ఇదే పేటలో, నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలో, జీవితమంతా బ్రహ్మచారిగా ఉండిపోయిన పెద్దమనిషి హెచ్. నరసింహయ్య గారు. గాంధీ గారి దారిలో నడిచిన మనిషి, ఫిజిక్స్ మాస్టారు. 1972 నుంచి 1977 దాకా బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. మహిమలని చెప్పేవాటినీ, మూఢనమ్మకాలనీ పరిశీలించడానికి 1976లో ఆయన ఒక కమిటీ వేశారు. పెద్ద గొడవ అయింది. భక్తుల మనసు నొప్పించారని అన్నారు. భక్తుడిగా నేను ఆయన పక్షమే. పరిశీలిస్తానని అడిగిన మనిషికి భయపడాల్సింది మోసం చేసేవాడు, భక్తుడికి ఆ అవసరం ఏముంది? మన రాజ్యాంగం 51ఎ అధికరణం శాస్త్రీయ దృష్టిని పెంచుకోవడం పౌరుడి విధి అంటుంది. అది చేరింది కూడా 1976లోనే, 42వ సవరణతో.

1995 సెప్టెంబర్ 21 మీకు గుర్తుందా? వినాయకుడు పాలు తాగిన రోజు. ఢిల్లీలో తెల్లవారుజామున మొదలై సాయంత్రానికి దేశమంతా, విదేశాల్లో కూడా గుళ్ల ముందు క్యూలు. ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలల్లో రంగు కలిపి పట్టి చూపించారు. చెంచా అంచు విగ్రహానికి తగలగానే తలతన్యత వల్ల, అంటే ద్రవం పైపొరకి ఉండే బిగువు వల్ల, పాలు రాతి మీదికి లాగినట్టు వెళ్లి, పలుచని పొరగా కిందికి జారిపోయాయి. ఇందులో ఎవరి మోసమూ లేదు. చెంచా పట్టుకున్న చెయ్యి నిజాయితీ గలదే, చూసిన కన్ను నిజాయితీ గలదే. అందుకే ఆ రోజు క్యూలో నిలబడినవాళ్లని ఎగతాళి చేయడం నాకు నచ్చదు. కారణం చెప్పేవాడికి వినేవాడి మీద గౌరవం లేకపోతే ఆ కారణం చెవికెక్కదు.

గౌరవం ఇవ్వక్కర్లేని చోటు ఒకటుంది. పాము కాటుకి మంత్రం వేయించడం. కరిచిన పాముల్లో చాలా వాటికి విషం ఉండదు. నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజర్లు కూడా కొన్నిసార్లు విషం దించకుండానే కరుస్తాయి. ఆ మనుషులు ఎలాగూ బతుకుతారు, పేరు మంత్రగాడికి వస్తుంది. విషం దిగినవాడు అక్కడే కూర్చుని ప్రాణం పోగొట్టుకుంటాడు. విషానికి విరుగుడు మందు ఆస్పత్రిలో ఉంటుంది. కర్ణాటకలో అమానుష దురాచారాల నిరోధానికి 2017లో చట్టం చేశారు, 2020లో అమల్లోకి వచ్చింది. పాము, తేలు, కుక్క కరిచినవాణ్ణి వైద్యం చేయించుకోకుండా ఆపి మంత్రం వేయడం ఆ చట్టం కింద నేరం. మీ ఊళ్లకి వెళ్లినప్పుడు ఈ మాట చెప్పండి. దేవుడికి దండం అంబులెన్స్‌లో కూర్చుని పెట్టుకోవచ్చు.

ఇక నాకు చాలా ఇష్టమైన చోటుకి వస్తాను. ఇక్కడికి దగ్గర్లోనే, గవిపురంలో గవి గంగాధరేశ్వరుడు. కొండ గుహలో గుడి. ఆవరణలో రాతితో చెక్కిన రెండు పెద్ద చక్రాలు, సూర్యపాన, చంద్రపాన అంటారు. మకర సంక్రాంతి సాయంత్రం సూర్యకిరణాలు పడమటి వైపు కిటికీలోంచి వచ్చి, నంది కొమ్ముల మధ్యగా లోపలికి వెళ్లి లింగం మీద పడతాయి. ఆ కాసేపట్లోనే అభిషేకం. వేలమంది బయట నిలబడతారు. సూర్యుడు స్వయంగా వచ్చి శివుడికి నమస్కరిస్తున్నాడని చెప్పుకుంటారు. ఆ మాట అంటుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

లెక్క వేయండి. డిసెంబర్ 21 ప్రాంతంలో సూర్యుడు దక్షిణం వైపు చివరి దాకా వెళ్లి వెనక్కి తిరుగుతాడు. వెళ్లిన దారినే తిరిగి వస్తాడు. జనవరి 14 అంటే తిరిగాక 24 రోజులు. అయితే తిరగడానికి 24 రోజుల ముందు, నవంబర్ 27 ప్రాంతంలో కూడా సూర్యుడు ఆకాశంలో సరిగ్గా అదే దారిలో అస్తమించాలి. కిరణం అదే కిటికీలోంచి, అదే కొమ్ముల మధ్యనుంచి లింగం మీద పడాలి. పడుతుంది కూడా. పరిశోధకులు గమనించి రాశారు, నవంబర్ చివరి వారంలో మొదలై కొద్ది రోజులు ఉంటుంది. 18వ శతాబ్దం చివర్లో డానియెల్ అనే ఇద్దరు ఆంగ్ల చిత్రకారులు ఈ గుడి బొమ్మలు గీశారు, వాటితో పోల్చి చూస్తే అప్పటికి ఇన్ని కట్టడాలు లేవని కూడా తేలింది.

సంక్రాంతికి ఎన్ని వేలమందో, నవంబర్‌లో అంత జనం ఉండరు. టీవీ కెమెరాలుండవు. శివుడికి మాత్రం రెండుసార్లూ అదే వెలుగు. 2021 సంక్రాంతికి ఇంకో సంగతి జరిగింది. మబ్బు పట్టి కిరణం కనపడలేదు. ఏం కీడు మూడుతుందోనని చాలామంది భయపడ్డారు. మబ్బు వెనకాల సూర్యుడు ఆ రోజు కూడా సరైన చోటే ఉన్నాడు. కట్టినవాళ్లు, తర్వాత కిటికీలు అమర్చినవాళ్లు ఆకాశాన్ని ఎంత శ్రద్ధగా చూసి ఉంటారో ఆలోచిస్తే, దాన్ని మహిమ అని ఊరుకోవడం నాకు ఆ పనివాళ్లకి అగౌరవంగా తోస్తుంది. వాళ్లకి భక్తి వేరు, కొలత వేరు అన్న ఆలోచనే ఉండి ఉండదు.

(సభలో ఒకరి ప్రశ్న: ‘కారణం తెలిసిపోయాక కూడా మీరు సంక్రాంతికి గవిపురం వెళతారా మాస్టారూ?’)

వెళతానమ్మా. సంక్రాంతికి వెళతాను, నవంబర్‌లోనూ వెళతాను. ఈ నెల 27న వెళ్లాలనుకుంటున్నాను, రావాలనుకునేవాళ్లు రండి. సాయంత్రం నాలుగున్నరకల్లా గుడి దగ్గర ఉండాలి. సంక్రాంతి టైము చూసుకుని వస్తే కిరణం దాటిపోతుంది. సూర్యుడి గడియారానికీ మన గడియారానికీ ఏడాదిలో తేడా మారుతూ ఉంటుంది, ఆ లెక్క ప్రకారం నవంబర్‌లో సుమారు 20 నిమిషాలు ముందే పడాలి. పిల్లల్ని తీసుకురండి. కిరణం లోపలికి వచ్చిన నిమిషం ఒకరు రాసుకోవాలి, లింగం మీంచి తప్పుకున్న నిమిషం ఇంకొకరు. జనవరిలో మళ్లీ రాసి పక్కపక్కన పెట్టుకుందాం. అర్చకుల్ని ముందే అడిగి నిలబడే చోటు తెలుసుకుంటాను, కిరణానికి మనం అడ్డం రాకూడదు. బిల్వపత్రాలు నేను తెస్తాను. మబ్బు పడితే మర్నాడు వెళదాం.